లెక్కకు అందని కార్బన్: మార్చాల్సింది రిపోర్టునా, ఫార్ములానా?

ప్రశ్న: నల్లగొండ జిల్లాకు చెందిన ఒక పరిశోధక విద్యార్థిని పెద్ద ఉత్తరం రాశారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం. ఆమె పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నారు. సాలెన్ తరహా షిఫ్ బేస్ లిగాండ్లతో (లోహాన్ని పట్టుకునే సేంద్రియ అణువులతో) లోహ కాంప్లెక్సులు చేస్తున్నారు. డిపార్ట్‌మెంట్‌లో సీహెచ్ఎన్ ఎనలైజర్ (శాంపిల్‌ను మండించి కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ శాతాలు కొలిచే మిషన్) లేదు. ఆరు శాంపిళ్లను చిన్న ప్లాస్టిక్ ట్యూబుల్లో వేసి, వానాకాలంలో, బస్సులో హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్‌కు పంపారు. మూడు సరిగ్గా వచ్చాయి, మూడు తప్పాయి. తప్పిన వాటిలో రెండు, పోలిక కోసం చేసుకున్న పాత, తెలిసిన కాంప్లెక్సులే. కాపర్ సాలెన్‌కు రావాల్సింది కార్బన్ 58.26, హైడ్రోజన్ 4.28, నైట్రోజన్ 8.49, వచ్చింది 56.78, 4.51, 8.22. నికెల్ సాలెన్‌కు రావాల్సింది 59.13, 4.34, 8.62, వచ్చింది 58.21, 4.81, 9.63. దీన్ని డీఎంఎఫ్ అనే ద్రావకంలో తిరిగి స్ఫటికీకరించారు. మూడోది ఫ్లోరిన్ ఉన్న కొత్త లిగాండ్. దాన్ని రెండుసార్లు నడిపితే కార్బన్‌లో 1.1 తేడా వచ్చింది.

"గైడ్ సార్‌కు చూపిస్తే 'అందరు చేసేదే గదమ్మా, తేడా పాయింట్ త్రీ లోపు ఉండేటట్టు రాసెయ్, పేపర్ లేటైతది' అన్నారు. ల్యాబ్‌కు ఫోన్ చేస్తే, మిషన్ పాతదని, నైట్రోజన్ ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుందని అన్నారు. తెలిసిన కాంప్లెక్సే తప్పు వస్తే నా కొత్త కాంప్లెక్సులను ఎవరు నమ్ముతారు? ఫెలోషిప్ నాలుగు నెలల్లో అయిపోతుంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పైగా మర్రిగూడ వైపు మా ఊళ్లో నాయన 'గా మిషన్ల మన బోరు నీళ్లు పెట్టి సూడరాదు బిడ్డా, ఫ్లోరైడ్ ఎంతుందో' అని అడుగుతున్నాడు. ఏం చెప్పాలో తెలియడం లేదు. సార్ మాట వినాలా, మళ్లీ పంపాలా, ఆ మూడింటినీ వదిలేయాలా?" అని అడిగారు.

జవాబు: మీ ఉత్తరంలో మంచి పని ఒకటి చేశారు. తప్పిన అంకెలను పూర్తిగా, దశాంశాలతో సహా రాశారు. అందుకే ధైర్యంగా చెప్పగలను: మొదటి రెండు కాంప్లెక్సుల విషయంలో మీరు అంకెలు మార్చాల్సిన పని లేదు, చాలావరకు మళ్లీ పంపాల్సిన పని కూడా లేదు. ఆ అంకెలు తప్పు కాదు. మీ ట్యూబులో ఏముందో అవి సరిగ్గానే చెబుతున్నాయి.

కాపర్‌తో మొదలుపెడదాం. కార్బన్ తగ్గింది, నైట్రోజన్ తగ్గింది, హైడ్రోజన్ మాత్రం పెరిగింది. ముందు కార్బన్‌ను నైట్రోజన్‌తో భాగించండి. ఫార్ములా ప్రకారం 6.86 రావాలి, మీ రిపోర్టు ప్రకారం 6.91. అంటే రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గాయి, కాబట్టి శాంపిల్‌లో చేరిన వస్తువులో కార్బన్ లేదు, నైట్రోజన్ లేదు. సిలికా పొడో, ఉప్పో చేరితే హైడ్రోజన్ కూడా అదే నిష్పత్తిలో తగ్గేది. బరువు తప్పు తూచినా అంతే. ఇక్కడ హైడ్రోజన్ పెరిగింది. నీటిలో హైడ్రోజన్ 11.19 శాతం. మీ కాంప్లెక్సులో ఉన్నదానికంటే అది చాలా ఎక్కువ. కాబట్టి చేరింది నీరే అయి ఉండాలి.

ఎంత నీరు? ఒక్కో కాంప్లెక్స్ అణువుకు అర నీటి అణువు, అంటే రెండు కాంప్లెక్స్ అణువులకు ఒకటి, చేర్చి లెక్క వేయండి. అణుభారం 329.85 నుంచి 338.85 అవుతుంది. కార్బన్ 56.71, హైడ్రోజన్ 4.46, నైట్రోజన్ 8.27 రావాలి. మీకు వచ్చినవి 56.78, 4.51, 8.22. తేడాలు 0.07, 0.05, 0.05. మీ సార్ అడిగిన పాయింట్ త్రీ కంటే ఇది ఎంతో దగ్గర. ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు. మారింది ఫార్ములా ఒక్కటే.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఏ అంకె వచ్చినా దానికి సరిపడేలా కొంచెం నీరు, కొంచెం ఇథైల్ ఎసిటేట్, ఇంకాస్త మిథనాల్ కలిపి ఫార్ములా అల్లడం కూడా ఒక రకంగా అంకెలు మార్చడమే. మీ విషయంలో మార్చగలిగింది ఒక్కటే, నీటి వంతు. దానికి మూడు మూలకాలూ కలిసి లొంగాయి, అందుకే అది నమ్మదగ్గ వివరణ. అయినా అది ఇంకా ఊహే. నీటికి మరో సాక్ష్యం మీ చేతిలో ఉండాలి.

ఆ సాక్ష్యానికి ఖరీదైన మిషనేమీ అక్కర్లేదు. అదే బ్యాచ్ పొడి 200 మిల్లీగ్రాములు తూచి, వ్యాక్యూమ్ అవన్‌లో 100 డిగ్రీల దగ్గర, లేదా ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ ఉన్న డెసికేటర్‌లో వ్యాక్యూమ్ కింద, బరువు నిలకడగా వచ్చేవరకు ఆరబెట్టండి. అర అణువు నీరంటే 2.66 శాతం, 200 మిల్లీగ్రాముల్లో 5.3 మిల్లీగ్రాములు. నాలుగు దశాంశాల బ్యాలెన్స్ మీద ఇది స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత ఆ వాచ్ గ్లాస్‌ను బ్యాలెన్స్ మీదే తెరిచి ఉంచి అరగంట చూడండి. అంకె నెమ్మదిగా పైకి పాకితే ఆ పొడి గాలిలోంచి నీటిని లాగుతోందని అర్థం. వానాకాలంలో అలాంటి పొడిని ఆరబెట్టి పంపినా, ల్యాబ్‌లో తూచేలోపు మళ్లీ తడిసిపోతుంది. పాకకపోతే ఆరబెట్టిన శాంపిల్‌నే పంపి, నీరు లేని ఫార్ములాకు సరిపడే అంకెలు తెచ్చుకోవచ్చు. రెండూ గౌరవంగా రాయదగ్గ ఫలితాలే.

టీజీఏ (వేడి పెంచుతూ బరువు తగ్గడాన్ని చూసే మిషన్) దొరికితే ఇంకా మంచిది. 120 డిగ్రీల లోపే 2.6 శాతం చుట్టూ పోతే అది స్ఫటికంలో వదులుగా ఉన్న నీరు. అంతకంటే బాగా పైన, 150 దాటాక పోతే లోహానికి అంటుకున్న నీరని అనుమానించాలి. అప్పుడు మీ నిర్మాణ చిత్రమే మారుతుంది. ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) స్పెక్ట్రమ్‌లో 3400 దగ్గర వెడల్పాటి పట్టీ చూపించి 'నీరు ఉంది' అని రాసే అలవాటు మన ల్యాబుల్లో బాగా ఉంది. శాంపిల్‌ను కలిపి నొక్కే కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) పెల్లెట్ తనంతట తానే తేమ పీలుస్తుంది. ఆ పట్టీ మీ కాంప్లెక్స్‌దో కేబీఆర్‌దో ఎవరూ చెప్పలేరు. పెల్లెట్ అక్కర్లేని ఏటీఆర్ మీద తీయండి. లేదంటే ఐఆర్‌ను సాక్ష్యంగా వాడకండి.

ఇంకో దారి కూడా ఉంది. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో చేసిన, లోహం ఎంతుందో కొలిచే ఈడీటీఏ టైట్రేషనే. 50 మిల్లీగ్రాముల కాంప్లెక్స్‌ను ఫ్యూమ్ హుడ్‌లో గాఢ నైట్రిక్ ఆమ్లంతో నెమ్మదిగా వేడిచేసి, లిగాండ్‌ను పూర్తిగా విరగ్గొట్టండి. గోధుమ రంగు పొగలు ఆగి, ద్రావణం తేటగా నీలంగా మారాలి. పసుపు మిగిలితే సేంద్రియ పదార్థం ఇంకా ఉన్నట్టే. దాదాపు ఎండేవరకు తెచ్చి, నీటిలో కరిగించి, అమ్మోనియా చుక్కలుచుక్కలుగా పోయండి. లేత నీలం అవక్షేపం వచ్చి, అది కరిగిన చోటే ఆపాలి. అమ్మోనియా ఎక్కువైతే సూచిక మ్యూరెక్సైడ్ చూపే ముగింపు మసకబారుతుంది. తర్వాత బాగా పలుచన చేసి, 0.01 మోలార్ ఈడీటీఏతో ఊదా రంగు వచ్చేవరకు టైట్రేట్ చేయండి. నీరు లేని కాంప్లెక్స్ అయితే 15.16 మిల్లీలీటర్లు పట్టాలి, అర అణువు నీరు ఉంటే 14.76. తేడా 0.4 మిల్లీలీటర్. జాగ్రత్తగా చదివే చేతికి బ్యూరెట్ మీద ఇది చాలినంత తేడా. ఈడీటీఏను అదే రోజు తెలిసిన జింక్ ద్రావణంతో ప్రామాణీకరించండి, మూడుసార్లు చేయండి.

కాపర్‌ను ఏఏఎస్ మీదో ఐసీపీ-ఓఈఎస్ మీదో (రెండూ ద్రావణంలో లోహాన్ని కొలిచే మిషన్లు) చూపించుకునే వీలుంటే, 10 మిల్లీగ్రాములు ఇలాగే కరిగించి 2 శాతం నైట్రిక్ ఆమ్లంతో 100 మిల్లీలీటర్లకు తెస్తే లీటరుకు 19 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది. ఐసీపీకి అది బాగానే ఉంటుంది. ఏఏఎస్‌కు 324.8 నానోమీటర్ల దగ్గర అది ఎక్కువ, గ్రాఫ్ వంగిపోతుంది. మరో పదింతలు పలుచన చేసి ఇవ్వండి. స్టాండర్డ్‌లలో కూడా అదే 2 శాతం ఆమ్లం ఉండాలి. వాటిని ఉత్త నీటిలో చేస్తే ద్రావణం పీల్చుకునే వేగం మారి అంకె తప్పుతుంది.

నికెల్ కథ వేరు. కార్బన్ 0.9 తగ్గింది, హైడ్రోజన్ దాదాపు అర శాతం పెరిగింది, నైట్రోజన్ ఒక శాతం పెరిగింది. ల్యాబ్ వాళ్లు చెప్పిన 'మిషన్ నైట్రోజన్ ఎక్కువ చూపిస్తుంది' అన్న మాటను ఇక్కడ పరీక్షకు పెట్టాలి. నైట్రోజన్ అబద్ధంగా పెరగడానికి నిజంగానే కారణాలున్నాయి. శాంపిల్ ఉన్న టిన్ క్యాప్సూల్‌ను మడిచేటప్పుడు లోపల గాలి చిక్కుకుంటే, 2 మిల్లీగ్రాముల శాంపిల్‌కు 20, 25 మైక్రోలీటర్ల గాలి చాలు, నైట్రోజన్ ఒక శాతం ఎక్కువ కనిపించడానికి. రిడక్షన్ ట్యూబులోని రాగి అయిపోయినా అంతే. ఆ రాగి పని, దహనంలో పుట్టిన నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా మార్చడం, మిగిలిన ఆక్సిజన్‌ను పట్టుకోవడం. అది నల్లబడి పని ఆపేస్తే నైట్రోజన్ శిఖరం చెడిపోతుంది. కానీ ఈ రెండు కారణాలూ హైడ్రోజన్‌ను పెంచవు. పైగా అదే రోజు నడిపిన మీ మిగతా శాంపిళ్లలో నైట్రోజన్ సరిగ్గానే ఉంది. మిషన్‌ది తప్పయితే అన్నింటిలోనూ పెరగాలి.

మీరు ఆ కాంప్లెక్స్‌ను డీఎంఎఫ్‌లో తిరిగి స్ఫటికీకరించానని రాశారు. డీఎంఎఫ్‌లో నైట్రోజన్ 19 శాతం, హైడ్రోజన్ 9.65. అర అణువు డీఎంఎఫ్ చేర్చి లెక్కేస్తే 58.14, 4.88, 9.69 వస్తాయి. మీవి 58.21, 4.81, 9.63. ఇంకా వెతకనక్కర్లేదు. చదరపు సమతల నికెల్ కాంప్లెక్స్ డయామాగ్నెటిక్ (జత కాని ఎలక్ట్రాన్లు లేనిది) కాబట్టి, అణువులోని హైడ్రోజన్లను విడివిడిగా చూపే ఎన్ఎంఆర్ తీయొచ్చు. కాపర్‌కు ఆ సదుపాయం లేదు. ఎన్ఎంఆర్ ద్రావకమైన డ్యూటరేటెడ్ డీఎంఎస్ఓలో 2.89, 2.73 పీపీఎం దగ్గర రెండు మిథైల్ శిఖరాలు కనిపిస్తే అది డీఎంఎఫే. ఎనిమిది ఆరోమాటిక్ హైడ్రోజన్లను 8గా పెట్టుకుంటే ఒక్కో మిథైల్ 1.5 చుట్టూ రావాలి. డీఎంఎఫ్‌కు 7.95 దగ్గర ఇంకో శిఖరం ఉంటుంది. అది మీ ఇమీన్ శిఖరం మీదే పడొచ్చు, దాన్ని లెక్కకు తీసుకోకండి. డీఎంఎఫ్ 153 డిగ్రీల దగ్గర మరిగే ద్రావకం, గది వేడిమిలో వ్యాక్యూమ్ పెడితే పోదు. పోగొట్టాలంటే పొడిని మిథనాల్‌లో కొన్ని గంటలు కలియబెట్టి, వడగట్టి, ఈథర్‌తో కడిగి, 80 డిగ్రీల వ్యాక్యూమ్‌లో రాత్రంతా ఉంచండి. లేదా డీఎంఎఫ్‌తో సహా ఫార్ములా రాయండి. అప్పుడు టీజీఏలో 10.1 శాతం నష్టం చూపించాలి.

లెక్కించిన శాతానికీ దొరికిన శాతానికీ తేడా 0.4 దాటకూడదన్న గీత గురించి ఒక మాట. కొన్ని మిల్లీగ్రాములతో సేంద్రియ పదార్థాలను విశ్లేషించే పద్ధతికి ఫ్రిట్జ్ ప్రెగ్ల్‌కు 1923లో నోబెల్ వచ్చింది. ఈ గీత మాత్రం తరతరాలుగా జర్నల్స్‌లో పాతుకుపోయిన ఆనవాయితీ. అది శాతాల మధ్య నేరుగా తీసే తేడా. కార్బన్ 58 మీద 0.4 చాలా ఇరుకు, హైడ్రోజన్ 4.3 మీద 0.4 చాలా వెడల్పు. అందుకే మీ కాపర్‌లో నీరు చేరినా హైడ్రోజన్ 0.23 మాత్రమే తప్పి 'పాస్' అయింది, కార్బన్ పట్టించింది. 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 5 శుద్ధమైన పదార్థాలను పలు ల్యాబ్‌లకు పంపి చూస్తే, దాదాపు పదింట ఒక వంతు కొలతలు ఈ గీత దాటాయి. అందుకని గీత దాటిన ప్రతి అంకె మీ తప్పని కుంగిపోకండి. గీత లోపల ఉన్న ప్రతిదీ శుద్ధమని కూడా అనుకోకండి. ఐసోమర్లు (ఒకే ఫార్ములా ఉన్న వేర్వేరు అణువులు) కలిసిపోయి ఉన్నా సీహెచ్ఎన్‌కు తెలియదు.

మళ్లీ పంపాల్సింది ఫ్లోరిన్ లిగాండ్‌ను. ఒకే పొడి రెండుసార్లలో 1.1 తేడా వస్తే సగటు తీయడం వల్ల లాభం లేదు. రెండు రన్‌లకూ విడివిడిగా కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి తీయండి. నిష్పత్తి ఒకటే ఉండి అంకెలన్నీ కలిసి తగ్గితే, తూకంలో తప్పు, లేదా పొడి అంతటా ఒకేలా లేదు. 2 మిల్లీగ్రాముల మీద 0.01 మిల్లీగ్రాము తప్పితే 58 శాతం కార్బన్‌లో 0.29 తేడా వచ్చేస్తుంది. నిష్పత్తే మారి, ఒక రన్‌లో కార్బన్ మాత్రం బాగా పడిపోతే, దహనం పూర్తి కాలేదు. ఈ మిషన్‌లో టిన్ క్యాప్సూల్ 950 నుంచి 1000 డిగ్రీల గొట్టంలో పడి, ఆక్సిజన్ తగలగానే భగ్గుమని మండి క్షణంపాటు 1800 దాకా వెళ్తుంది. అంత వేడిలోనూ కార్బన్-ఫ్లోరిన్ బంధాలు మొండికేస్తాయి. పైగా పుట్టిన హైడ్రోజన్ ఫ్లోరైడ్ క్వార్ట్జ్ గొట్టాన్నే తింటుంది. ఫ్లోరిన్ ఉందని ముందే చెబితే వాళ్లు క్యాప్సూల్‌లో వనేడియం పెంటాక్సైడ్‌లాంటిది కలుపుతారు, గొట్టంలో మెగ్నీషియం ఆక్సైడ్ పొర వేస్తారు, ఆక్సిజన్ పెంచుతారు. చెప్పకపోతే మీ అంకె చెడుతుంది, మీ తర్వాత వచ్చే వాళ్ల అంకెలూ చెడతాయి.

మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే చెప్పేస్తాను. సీహెచ్ఎన్ మిషన్ నీళ్లలో ఫ్లోరైడ్ చూడలేదు. ఐసీపీ కూడా పనికిరాదు. ఫ్లోరిన్‌ను అయానుగా మార్చడానికి 17.4 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, ఆర్గాన్‌కే 15.8, కాబట్టి ఆర్గాన్ ప్లాస్మా ఆ పని చేయలేదు. దీనికి కావాల్సింది ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్, లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం ఉన్నది. చాలా కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్లలో ఉంటుంది. నీళ్లను ప్లాస్టిక్ సీసాలో తెమ్మనండి, గాజు వద్దు. నీళ్లు, టీసాబ్ బఫర్ (ఎలక్ట్రోడ్ సరిగ్గా చదివేలా నీటిని సర్దే ద్రావణం) సమానంగా కలిపి, లీటరుకు 1, 10 మిల్లీగ్రాముల స్టాండర్డ్‌లనూ అలాగే బఫర్‌తో కలిపి చదవండి. పదింతల తేడాకు ఎలక్ట్రోడ్ 57 నుంచి 60 మిల్లీవోల్టులు మారాలి. అంత మారకపోతే ఎలక్ట్రోడ్ అలసిందని అర్థం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించిన నల్లగొండ టెక్నిక్‌లోలా పటిక, సున్నం వేసి శుద్ధి చేసిన నీళ్లయితే, అల్యూమినియంను కట్టిపడేసే సీడీటీఏ ఉన్న టీసాబే వాడండి. లేదంటే అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని కూర్చుంటుంది, ఎలక్ట్రోడ్ తక్కువ చూపిస్తుంది, నీళ్లు మంచివే అనుకుని తాగేస్తారు. లీటరుకు 1.0 మిల్లీగ్రాము వాంఛనీయ పరిమితి, వేరే నీటి వనరు లేకపోతే 1.5 వరకు. అంతకు మించితే ఆ బోరు తాగడానికి, వంటకు వద్దని చెప్పండి. ఇది మీరే చేయగల పరీక్ష. తప్పకుండా చేయండి.

ఇక సార్ విషయం. మీ ముందున్న దారులను, వాటి వెంట వచ్చే వాటిని చూద్దాం.

సార్ చెప్పినట్టు అంకెలు మార్చి రాస్తే పేపర్ ఈ నెలలో వెళ్తుంది. తర్వాత థీసిస్ శోధగంగలో (దేశంలోని థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారంలో) ఎవరైనా చదవగలిగేలా ఉండిపోతుంది. మార్చిన అంకెలు దొరికిపోయే తీరు చాలా మామూలుగా ఉంటుంది. ఎవరో మీ కాపర్ కాంప్లెక్స్ మళ్లీ చేస్తారు, వాళ్లకు నీరు ఉన్న అంకెలు వస్తాయి. ఇంకోటి, పరీక్షకులు బాగా ఎరిగినది: ఫార్ములా తప్పు రాసుకుని లెక్కించిన శాతం తప్పు వేసినప్పుడు, 'దొరికిన' శాతం కూడా బుద్ధిగా ఆ తప్పు అంకె పక్కనే కూర్చుంటుంది. నిజం మిషన్‌కు మీ ఫార్ములా తెలియదు కదా. అప్పుడు అడిగేది మిమ్మల్ని. మొదటి పేరు మీది, ల్యాబ్ నోట్‌బుక్ మీది. ఈ దారి నేను వద్దంటాను.

ఆ మూడింటినీ వదిలేస్తే మనశ్శాంతి ఉంటుంది, కానీ పోలిక కోసం పెట్టుకున్న ఆధారమే పోతుంది. కాపర్‌కు ఎన్ఎంఆర్ పనికిరాదు కాబట్టి ఎలిమెంటల్ అనాలిసిస్ (ఈ సీహెచ్ఎన్ పరీక్ష) లేకుండా మాస్ స్పెక్ట్రమ్ ఒక్కదాని మీద నిలబడాలి. అది అణువు ఉందని చెబుతుంది, సీసాలో మిగతా ఏముందో చెప్పదు. సింగిల్ క్రిస్టల్ నిర్మాణం ఉన్నా అంతే. ఏరుకున్న ఒక్క స్ఫటికం మొత్తం పొడికి ప్రతినిధి అని చూపించాలంటే పొడి మీద తీసిన ఎక్స్-రే నమూనా (పౌడర్ ఎక్స్‌ఆర్‌డీ) దానితో సరిపోవాలి.

ఫార్ములాను నీటితో, డీఎంఎఫ్‌తో రాసి, టీజీఏ, ఎన్ఎంఆర్, టైట్రేషన్ జతచేసేది మూడో దారి. పని ఎక్కువ, రెండు వారాలు పట్టొచ్చు. సార్‌తో ఘర్షణ లేకుండా సాగేది మాత్రం ఇదే. ఎందుకంటే సార్‌కు కావాల్సింది పాయింట్ త్రీ లోపు అంకె, అది ఇందులో నిజంగానే ఉంది. 'మీరు చెప్పింది తప్పు' అంటూ వెళ్లకండి. ఒక కాగితం మీద మూడు వరుసలు రాయండి: నీరు లేని లెక్క, రిపోర్టు అంకె, నీటితో లెక్క. 'సార్, అర అణువు నీటితో వేస్తే తేడా 0.1 కూడా లేదు, టీజీఏ ఒక్కటి తీసి పెడితే రివ్యూయర్ అడగడానికేం ఉండదు' అనండి. చాలామంది గైడ్లు ఇక్కడ ఊరట పడతారు. ఒకవేళ ఒప్పుకోకపోతే, ఒరిజినల్ రిపోర్టు మీ ఈమెయిల్‌లో ఉందో లేదో చూసుకుని, రీసెర్చ్ అడ్వైజరీ కమిటీలో మీకు చనువున్న సభ్యులను టీజీఏ గురించి సలహా అడిగినట్టే అడగండి. ఫిర్యాదులా వెళ్తే గైడ్‌తో మీ చివరి నాలుగు నెలలు కష్టమవుతాయి. సలహాలా వెళ్తే కాగితం మీది లెక్కే మాట్లాడుతుంది. పేపర్ ఇప్పటికే పంపేసి ఉంటే కూడా, అంగీకారం రాకముందు సవరించుకోవడం మామూలు విషయం. అచ్చయ్యాక దిద్దుబాటు ప్రకటన వేయాల్సి వస్తుంది.

ఇంట్లో సంబంధాల ఒత్తిడి గురించి ఒక్క మాట: నాలుగు నెలల తర్వాత మాట్లాడదామని తేదీ చెప్పి అడగండి. తేదీ లేకుండా 'తర్వాత' అంటే పెద్దవాళ్లకు అది నిరాకరణలా వినిపిస్తుంది.

ఫ్లోరిన్ లిగాండ్ మళ్లీ పంపేటప్పుడు ఈ పనులు చేయండి. సింటర్డ్ ఫన్నెల్ నుంచి పొడిని లోహపు స్పాచులాతో గట్టిగా గీకకండి. గాజు పొడి రాలి శాంపిల్‌లో కలుస్తుంది, కంటికి కనిపించదు, కార్బన్‌ను మింగుతుంది. కాలమ్ నుంచి వచ్చిన పదార్థమైతే కొద్దిపాటి ద్రావకంలో కరిగించి మళ్లీ వడగట్టండి, సిలికా పోతుంది. మూతల గ్రీజు, ఫిల్టర్ పేపర్ నార చేరనివ్వకండి. అగేటు కల్వంలో మెత్తగా నూరి, ఆరబెట్టి, 10 మిల్లీగ్రాములు చిన్న గాజు వయల్‌లో వేసి, మూత బిగించి, ఆ వయల్‌ను సిలికా జెల్ ఉన్న పెద్ద సీసాలో పెట్టి పంపండి. ప్లాస్టిక్ ట్యూబులు వద్దు. ఇంకేదైనా కాంప్లెక్సులో పెర్‌క్లోరేటో ఎజైడో ఉంటే నూరకండి, ఆరబెట్టడానికి వేడి చేయకండి. అవి పేలతాయి. ల్యాబ్‌కు ముందే ఫోన్ చేసి, వాళ్లు తీసుకుంటామంటేనే పంపండి.

హైదరాబాద్ ల్యాబ్‌తో పొసగకపోతే కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ సీడీఆర్‌ఐలో బయటి వాళ్ల శాంపిళ్లు తీసుకునే సదుపాయాలున్నాయి. దగ్గరలోని మిషన్‌ను పరిశోధన పరికరాల జాతీయ పోర్టల్ ఐ-స్టెమ్‌లో వెతుక్కోవచ్చు. ఎక్కడికి పంపినా శాంపిల్ ఫారంతో పాటు ఈ వివరాలు రాయండి: అనుకుంటున్న ఫార్ములా, ఫ్లోరిన్ ఎన్ని పరమాణువులు, లోహం ఉందా, తేమ పీలుస్తుందా, ఆఖరిగా వాడిన ద్రావకం. కింద ఈ అభ్యర్థన చేర్చండి: "దయచేసి రెండుసార్లు నడిపి, రెండు ఫలితాలూ విడివిడిగా, తూచిన బరువులతో సహా ఇవ్వండి. అదే రోజు నడిపిన ఎసిటానిలైడ్ స్టాండర్డ్ విలువలు కూడా పంపగలరు." ఎసిటానిలైడ్‌కు కార్బన్ 71.09, హైడ్రోజన్ 6.71, నైట్రోజన్ 10.36 రావాలి. అది సరిగ్గా ఉండి మీ రెండు రన్‌లు 0.3 లోపు కలిస్తే, ఆ అంకెలను నమ్మి, శాంపిల్‌లో ఏముందని వెతకడం మొదలుపెట్టండి. స్టాండర్డే తప్పితే డబ్బు కట్టకముందే మళ్లీ నడపమని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది, మంచి ల్యాబ్ వాళ్లు దానికి కోపగించుకోరు.